గురి ముందు, రైఫిల్ తరువాత

మధ్యతరగతి ఇంట రైఫిల్ షూటింగ్ ముచ్చట బయలుదేరగానే పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ధర. నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న.

10 మీటర్ల దూరాన ఒక కాగితం. దాని నడుమ 30 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు గల నల్లని వృత్తం. ఆ నలుపుకు నట్టనడుమ ఒక తెల్లని చుక్క. చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, అనగా ఒక పంచదార పలుకంత. ఒలింపిక్ ఎయిర్ రైఫిల్ పోటీలో గుండు ఆ పలుకును తాకితేనే పది మార్కులు. పోటీదారు నిలుచుండి, నాలుగైదు కిలోల బరువును చేతులపై మోస్తూ, 75 నిమిషాలలో 60 సార్లు ఆ ప్రయత్నం చేయాలి.

సామాన్య కుటుంబానికి అంతకంటె ముందు ఎదురయ్యే గురి మరొకటి ఉన్నది. అది రైఫిల్ ధర. దిగుమతి అయిన పోటీ రైఫిళ్లకు లక్ష రూపాయలు దాటి రెండు మూడు లక్షల దాకా పెట్టవలసి వస్తుంది. జీతం మీద బతికే ఇంట ఆ మొత్తం ఒక పిల్ల కళాశాల చదువు, లేదా ఏళ్ల తరబడి కూడబెట్టిన పొదుపు. లెక్క తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. బరువు మోయలేక, గుండ్లు కొనలేక మూలపడిన రైఫిల్‌తో పాటు పిల్ల ఉత్సాహం కూడా మూలపడుతుంది.

ఈ సమస్యను పరిశీలించడానికి జంషెడ్‌పూర్ తగిన ఊరు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి చేరువన, సాక్చి అనే పల్లెలో 1908లో ఉక్కు కర్మాగారపు పనులు మొదలయినాయి. 1912లో తొలి ఉక్కు వెలువడింది. 1919లో ఊరికి జమ్‌షెట్‌జీ టాటా పేరు వచ్చింది. ఆ కొలుముల వెంట ఆంధ్ర తీరం నుంచి తరలివచ్చిన కుటుంబాలు అనేకం. బిష్టుపూర్‌లోని శ్రీరామ మందిరం, కదమా ప్రాంతపు తెలుగు ఇళ్లు వారి జాడలే. తరాలుగా వీరు నెల జీతం, బోనసు, ప్రావిడెంట్ ఫండు లెక్కలలో బతుకు దిద్దుకున్నవారు. పైగా ఇది ఆటలను ప్రేమించే ఊరు.

కదమాలో అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి కర్మాగారంలో ఉద్యోగి. కూతురు పదవ తరగతి. ఎన్.సి.సి. శిబిరంలో ఆమె మొదటిసారి .22 రైఫిల్ పట్టుకున్నది.

"నాన్నా, అయిదు గుళ్లలో నాలుగు నలుపులోనే పడ్డాయి. సుబేదారుగారు నా చెయ్యి వణకలేదన్నారు."

"సంతోషం తల్లీ. నేర్చుకోవాలంటే ఎంతవుతుంది?"

"మంచి రైఫిల్ మూడు లక్షలట."

తండ్రి మాట్లాడడు. బ్యాంకులో ఉన్నది 60 వేలు. ఆ రాత్రి ఆయన ఆలోచన ప్రావిడెంట్ ఫండు అప్పు మీదికి పోతుంది. ఆ అప్పు దరఖాస్తు నింపక ముందు ఆయన తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ఏ రైఫిల్?

మన తుపాకి తురుష్క భాష నుంచి వచ్చిన మాట. రైఫిల్ అనేది గీయడం, గాడి పెట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు ఉన్నదే రైఫిల్. ఆ గాడులు గుండును బొంగరంలా తిప్పుతాయి. తిరిగే గుండు దారి తప్పదు. కర్ర నునుపు, ఉక్కు మెరుపు, పేరు మోసిన ముద్ర అన్నీ తరువాతి సంగతులు.

వెనుకటి తరంవారికి రైఫిల్ అనగానే ఇచ్ఛాపూర్ తలపుకు వచ్చేది. కలకత్తా చేరువనున్న ఆ ప్రభుత్వ కర్మాగారం చేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్ దేశంలో ఎందరికో మొదటి రైఫిల్. సైన్యం వాడే .303 తూటాను పౌరులకు నిషేధించినందువల్ల ఆ వేరు కొలత వాడుకలోకి వచ్చింది. అది వేటకాలపు ఆయుధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో, 1991 నాటి సవరణతో ఆ కాలం ముగిసింది. ఊరి పక్కనున్న దాల్మా కొండలు 1976 నుంచి అభయారణ్యం. కనుక ఆట నేర్చుకోదలచిన వారికి .315 ఇప్పుడు తొలి మెట్టు కాదు.

తొలి మెట్టు ఎయిర్ రైఫిల్. దానిలో మందుగుండు ఉండదు. బిగించిన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో తోస్తుంది. 1984 లాస్ ఏంజెలిస్ క్రీడలలో ఈ పోటీ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఇందులోనే.

చట్టం కూడా ఈ మెట్టును సులభం చేసింది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం కొలత 4.5 మిల్లీమీటర్లు, గుండు శక్తి 20 జౌళ్లు మించని గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. ఈ రెండు హద్దులలో ఏది దాటినా లైసెన్సు తప్పదు. పోటీ ఎయిర్ రైఫిల్ శక్తి ఏడెనిమిది జౌళ్లే గనుక అది హద్దులకు లోబడే ఉంటుంది. .22 మొదలుకొని మందుగుండు రైఫిళ్లు వేరు దారి. వాటికి 21 ఏళ్ల వయస్సు, పోలీసు విచారణ, జిల్లా అధికారి మంజూరు కావాలి. జంషెడ్‌పూర్ వారికి ఆ అధికారి తూర్పు సింగ్‌భూమ్ డిప్యూటీ కమిషనర్.

రెండు ఉదాహరణలు

తల్లిదండ్రుల త్యాగం మాట వచ్చినప్పుడు హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కథను ఉదహరించడం పరిపాటి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆయన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచినప్పుడు, కుమారుని రైఫిల్ కోసం తల్లిదండ్రులు స్థలం అమ్మి అద్దె ఇంట ఉన్నారని పత్రికలు రాశాయి. చదివిన వారి కళ్లు చెమర్చాయి. కాని ఆ కథలో తొలి అధ్యాయాన్ని చాలామంది దాటిపోతారు. 1997లో తండ్రి కుమారుని చేతికి మొదట ఇచ్చింది ఖరీదైన రైఫిల్ కాదు, ఒక చిన్న గాలి పిస్తోలు. ముందు గురి కుదిరింది. పెద్ద ఖర్చు ఆ తరువాత వచ్చింది.

రెండవ ఉదాహరణ జంషెడ్‌పూర్‌దే. ఆట వేరు, పాఠం ఒకటే. రాంచీకి చెందిన దీపికా కుమారి తండ్రి ఆటోరిక్షా డ్రైవరు. చిన్ననాడు రాళ్లతో మామిడికాయలు కొట్టి, వెదురు విల్లుతో సాధన చేసిన ఆ బాలిక 2006లో జంషెడ్‌పూర్‌లోని టాటా ఆర్చరీ అకాడమీలో చేరింది. విల్లు, దుస్తులు, నెలకు 500 రూపాయల భత్యం అకాడమీయే ఇచ్చింది. నాలుగేళ్లకు, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో ఆమె రెండు స్వర్ణాలు గెలిచింది. ఆధునిక విల్లు కొనే శక్తి ఆ ఇంటికి లేదు. కొనవలసిన అవసరమూ రాలేదు.

విలువిద్యలో ఈ ఊరు నేర్పిన పాఠం రైఫిల్‌కూ వర్తిస్తుంది. తొలి రైఫిల్ కొనేది కాదు, అడిగి తెచ్చుకొనేది. జర్మనీలో తరతరాల షూటింగ్ సంఘాలలో కొత్తగా చేరిన పిల్లలు సంఘం రైఫిల్‌తోనే ఆరంభిస్తారు. అమెరికా పాఠశాలల పోటీలలో స్పోర్టర్ అనే విభాగం ఒకటి ఉన్నది. అందులో నిర్ణీత ధరకు లోబడిన రైఫిళ్లనే అనుమతిస్తారు. ధనికుల పిల్ల, పేదల పిల్ల ఒకే తరహా రైఫిల్ పట్టి పోటీ పడాలన్నది దాని ఉద్దేశం.

60 వేల లెక్క

ఇప్పుడు కదమా తండ్రి దగ్గరకు వద్దాం. ఆయన చేతిలో 60 వేలున్నాయి. సాధన అంటే ఏమిటో మొదట అంకెలలో చూడాలి.

రోజుకు 60 పెల్లెట్లు, వారానికి అయిదు రోజులు, వెరసి 300. పరీక్షలు, పండుగలు, జ్వరాలు తీసివేసి ఏడాదికి 40 వారాలు అనుకుంటే 12,000. డబ్బాకు 500 చొప్పున 24 డబ్బాలు. పోటీకి తగిన పెల్లెట్ల డబ్బా వేయి రూపాయలనుకుంటే ఒక్క ఏడాదికి 24 వేలు. రైఫిల్‌ను ఒకసారి కొంటాము. పెల్లెట్లను ప్రతి నెలా కొంటాము. ఇంటికి ఆవును తోలుకొని రావడం కంటె దానికి మేత వేయడమే కష్టమని మన పెద్దలకు తెలుసు. రైఫిల్ విషయంలోనూ అంతే.

మిగిలిన 36 వేలలో గట్టి గుడ్డతో కుట్టిన షూటింగ్ కోటుకు, చేతి తొడుగుకు, శిక్షణ రుసుముకు, ప్రయాణాలకు పోగా రైఫిల్‌కు మిగిలేది కొద్దిపాటి సొమ్ము. ఆ సొమ్ముతో నాసిరకం రైఫిల్ కొనడానికి తొందరపడడం మొదటి పొరపాటు. సాధనకు సొమ్ము మిగల్చకుండా అప్పు చేసి మూడు లక్షల రైఫిల్ తేవడం రెండవది. మొదటి ఏడాది క్లబ్బు రైఫిల్‌తో గడపడం ఈ రెండింటికంటె మేలు. ఆ ఏడాది డబ్బు పెల్లెట్లకూ కోటుకూ పోవాలి. కోటు ఆడంబరం కాదు. అది వెన్నుకు ఊతమిచ్చి, గుండె దడ రైఫిల్‌కు సోకకుండా కొంత ఆపుతుంది.

డబ్బు ఖర్చు లేని సాధన మరొకటి ఉన్నది. పెల్లెట్ లేకుండా రైఫిల్ నిలిపి, గురి చూసి, ట్రిగ్గర్ మెల్లగా వెనుకకు తీసే ఖాళీ సాధన అది. మేటి షూటర్లు కూడా దీనిని మానరు. ఇందుకు పోటీ రైఫిళ్లలో ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ రైఫిల్‌ను మాత్రం పెల్లెట్ లేకుండా పేల్చరాదు. లోపలి భాగాలు దెబ్బతింటాయి.

కొనే రోజు వస్తే

మన వద్ద రాష్ట్రస్థాయి పోటీలలో, జాతీయ రైఫిల్ సంఘం తొలి అధ్యక్షుడు జి.వి. మావలంకర్ పేరిట జరిగే పోటీలలో సాదా ఓపెన్ సైట్ రైఫిళ్లకు వేరుగా విభాగం ఉంటూ వచ్చింది. కనుక తొలి పోటీకి ఖరీదైన రైఫిల్ ఉండి తీరాలన్న నియమం లేదు. అయినా ఒకనాటికి సొంత రైఫిల్ అవసరం కావచ్చు. ఆ రోజు వచ్చినదని తెలుసుకోవడం ఎలా?

దీనికి చిన్న పరీక్ష ఉన్నది. రైఫిల్‌ను కదలకుండా బిగించి పది పెల్లెట్లు ఒకే గురికి పేల్చాలి. మంచి పోటీ రైఫిల్ ఆ పదింటినీ పెల్లెట్ కంటె కొంచెమే పెద్దదైన ఒక్క రంధ్రంలో పెడుతుంది. తరువాత అదే రైఫిల్‌తో పిల్ల నిలుచుండి పది పేల్చాలి. ఆమె రంధ్రాలు పరచుకున్న మేర రైఫిల్ రంధ్రం కంటె ఎంతో పెద్దదిగా ఉన్నంతకాలం లోపం రైఫిల్‌ది కాదు. కొత్త రైఫిల్ ఆమెకు మార్కులు తెచ్చిపెట్టదు. ఆ తేడా బాగా తగ్గిన నాడు సొంత రైఫిల్ మాట ఎత్తవచ్చు.

రైఫిళ్లలో మూడు తెగలు. స్ప్రింగ్ రైఫిల్ చవక, మరమ్మతు సులభం. కాని సాధారణ రకాలలో పేలేటప్పుడు స్ప్రింగ్ కుదుపు గురిని చెదరగొడుతుంది. రెండవది ఒక్క మీట లాగుతో గాలిని బిగించేది. కుదుపు లేదు, సిలిండరు లేదు, గాలి నింపే తంటా లేదు. 1980ల నాటి ఈ తరహా జర్మన్ రైఫిళ్లు సీళ్లు మార్చి నేటికీ వాడుతున్నవారున్నారు. ఇటువంటిది పాతది మంచి స్థితిలో దొరికితే పొదుపరి ఇంటికి అదృష్టమే. అయితే ప్రతి గుండుకూ మీట లాగాలి గనుక చిన్న పిల్లలు అలసిపోతారు. మూడవది ముందుగానే గాలి నింపిన సిలిండరు గలది. నేటి పోటీలలో అత్యధికం ఇవే. వీటికి రైఫిల్ ధరతో పాటు గాలి నింపుకొనే సాధనాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

పాత రైఫిల్ కొనేవారు సిలిండరు మీద ముద్రించిన తేదీ తప్పక చూడాలి. తయారీదారులు దానికి విధించే ఆయుష్షు సాధారణంగా పదేళ్లు. తేదీ మీరిన సిలిండరును మార్చుకోవలసిన బాధ్యత అంతర్జాతీయ నియమాల ప్రకారం పోటీదారుదే. చవకగా వచ్చిందని సంబరపడిన తరువాత సిలిండరు ఖర్చు మీద పడితే ఆ చవక నిలవదు.

అన్నిటికంటె ముఖ్యం, రైఫిల్ ఒంటికి అమరడం. నియమాల ప్రకారం 5.5 కిలోల వరకు బరువుండవచ్చు. కాని 40 కిలోల పిల్లకు అది శిక్ష. రైఫిల్ మడమ భుజానికి ఆనినప్పుడు మెడ వంచకుండా, ముందుకు సాగకుండా కన్ను తనంతట తాను సైటు వెనుకకు రావాలి. చెంపకు ఆనే భాగం, మడమ పొడవు మార్చుకొనే వీలుంటే ఎదిగే పిల్లకు నాలుగేళ్లు పనికివస్తుంది.

ఏ కన్ను ప్రధానమో కూడా ముందే తెలుసుకోవాలి. రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు వదలి, రెండు కళ్లతో దూరాన ఉన్న గడియారాన్ని ఆ సందులోంచి చూడండి. తరువాత ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను తెరచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలిచి ఉంటుందో అది ప్రధాన నేత్రం. కుడిచేతివాటం వారికి కూడా ఎడమ కన్ను ప్రధానమైనదిగా తేలవచ్చు. ఎడమ భుజపు రైఫిల్ కొనాలా అన్నది శిక్షకునితో ఆలోచించి, ముందే తేల్చుకోవలసిన సంగతి.

ధర లేని నియమాలు

లైసెన్సు అక్కరలేదు గనుక గాలి తుపాకి ఆటబొమ్మ అనుకోవడం ప్రమాదం. దాని పెల్లెట్ కన్ను పోగొట్టగలదు. గొట్టం ఎప్పుడూ సురక్షితమైన దిక్కుకే ఉండాలి. ఖాళీ అని తెలిసినా నిండిన దానిగానే భావించాలి. గురి చూసేవరకు వేలు ట్రిగ్గర్ మీదికి పోరాదు. క్వార్టర్ల డాబా మీద, పెరటి గోడ మీద సాధన పనికిరాదు. గుండును పట్టి ఆపే ఇనుప పెట్టె, వెనుక గట్టి గోడ, ఎవరూ నడవని దారి ఉండాలి. పావురాన్నో ఉడుతనో కొట్టి చూడాలన్న సరదా చట్టానికీ ఆటకూ విరుద్ధం. పెల్లెట్లు సీసం, ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం తినరాదు. రైఫిల్ తాళంలో, పెల్లెట్లు వేరే తాళంలో, తాళపు చెవులు పెద్దల దగ్గర. ఈ నియమాలు పాటించలేని ఇంట రైఫిల్ ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే.

పదిమంది కలిస్తే

ఒక్క కుటుంబానికి భారమైనది పదిమందికి కాకపోవచ్చు. మూడు లక్షల రైఫిల్‌ను పది కుటుంబాలు కలిసి కొంటే ఒక్కొక్కరికి 30 వేలు. వాటి గొట్టాలు వేలకు వేల పెల్లెట్లను భరిస్తాయి. పిల్లలు వంతుల వారీగా వాడుకున్నా వాటికి అలసట రాదు. ఎదిగిన పిల్ల పెద్ద రైఫిల్‌కు మారినప్పుడు చిన్నది తరువాతి పిల్లకు అందుతుంది.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. వారు చందాలు వేసుకొని పండుగలు చేశారు, నాటకాలు ఆడారు. ఒక మంచి రైఫిల్, ఒక శిక్షకుడు, భద్రమైన పది మీటర్ల చోటు అంతకంటె పెద్ద పని కాదు. అప్పుడు కదమా తండ్రి ప్రావిడెంట్ ఫండు జోలికి పోనక్కరలేదు. ఆయన కూతురు ఒక ఏడాది సాధన చేసిన తరువాత, తనకు ఏ రైఫిల్ కావాలో ఎవరినీ అడగకుండానే చెప్పగలుగుతుంది.